నవ్వించారా, నవ్వులపాలయ్యారా?: ‘సత్రీ లెక్’ సినిమాపై సంవాదం

‘సత్రీ లెక్’ 2000 మార్చిలో థాయ్‌లాండ్‌లో విడుదలైన హాస్యచిత్రం. పేరుకు ఉక్కు మహిళలు అని అర్థం. విదేశాల్లో ‘ది ఐరన్ లేడీస్’గా ఆడింది. దర్శకుడు యోంగ్యుత్ థోంగ్‌కోంగ్‌తున్‌కు ఇదే తొలి సినిమా. కథకు ఆధారం ఒక నిజమైన జట్టు. ఉత్తర థాయ్‌లాండ్‌లో గుర్రపు బళ్లకు పేరుపడ్డ లాంపాంగ్ నుంచి వచ్చిన పురుషుల వాలీబాల్ జట్టు 1996లో జాతీయ ఛాంపియన్‌గా నిలిచింది. అందులో ఎక్కువమంది గేలు, కథోయ్‌లు. మగపిల్లలుగా పుట్టి ఆడవాళ్లుగా బతికేవారిని థాయ్‌లు కథోయ్ అంటారు. ఆడతీరు కొట్టొచ్చినట్టు కనిపించే గేలను కూడా చాలాసార్లు అదే మాటతో పిలుస్తారు.

సినిమా కథ చిన్నదే. లాంపాంగ్ జట్టుకు బీ అనే మహిళ కోచ్‌గా వచ్చి ఆటగాళ్లను కొత్తగా ఎంపిక చేస్తుంది. ఆట ఎంత వచ్చినా గేలన్న కారణంతో అంతకుముందు చోటు దక్కని మోన్, జుంగ్ ఈసారి ఎంపికవుతారు. వాళ్లతో కలిసి ఆడేది లేదని మిగతా మగవాళ్లు తప్పుకుంటారు. ఛాయ్ ఒక్కడే మిగులుతాడు. ఖాళీలు నింపడానికి జుంగ్, మోన్ పాత స్నేహితులను వెతుక్కుంటూ పోతారు. వాళ్లలో పియా ట్రాన్స్‌జెండర్ మహిళ, కాబరే నర్తకి. నోంగ్ సైన్యంలో ఉన్నాడు. విత్‌కు ఓ అమ్మాయితో పెళ్లి కుదిరింది. అతను గే అన్న సంగతి కన్నవాళ్లకు తెలియదు. వీళ్లకు తోడు ఏప్రిల్, మే, జూన్ అని పిలిపించుకునే ముగ్గురు కవలలు. ఎత్తిపొడుపుల మధ్య, అధికారుల అడ్డుపుల్లల మధ్య ఈ జట్టు గెలుపు దాకా ఎలా వెళ్లిందన్నదే మిగతా కథ.

సినిమా సుమారు 10 కోట్ల బాట్‌లు వసూలు చేసింది. అప్పటికి థాయ్ చిత్రాల్లో అంతకన్నా ఎక్కువ రాబట్టింది 1999 నాటి దెయ్యం కథ ‘నాంగ్ నాక్’ ఒక్కటే. 1997లో బాట్ కుప్పకూలి దేశం అప్పుల్లో పడ్డాక జనం మళ్లీ సొంత భాష సినిమాలకు రావడం మొదలైన రోజులవి. టొరంటో, బెర్లిన్ చిత్రోత్సవాలకూ ఈ సినిమా వెళ్లింది. అయితే టిక్కెట్టు కొన్న వాళ్లంతా ఒకే మాట మీద లేరు. గే, ట్రాన్స్‌జెండర్ క్రీడాకారులను జనం అక్కున చేర్చుకునేలా చేసిందని కొందరు మెచ్చుకుంటే, వాళ్లను నవ్వులాటగా మార్చి సొమ్ము చేసుకుందని మరికొందరు తప్పుపట్టారు. ఆ రెండు వాదాలనూ ఇక్కడ ఇద్దరి నోట పెట్టడమైంది. ఆక్షేపించేది ఫిల్మ్ సొసైటీల్లో తలపండిన ఒక మాస్టారు. సమర్థించేది కాలేజీ పిల్లలకు వాలీబాల్ నేర్పే ఒక శిక్షకురాలు. మనుషులు కల్పితం, వాదాలు మాత్రం సినిమా వచ్చిన నాటి నుంచీ ఉన్నవే.

మాస్టారు: మొదటి అరగంటలో జనం దేనికి నవ్వుతున్నారో గమనించమ్మా. నడకకు నవ్వుతారు, కేకకు నవ్వుతారు, చేతులు తిప్పడానికి నవ్వుతారు. అందులో మాటల చమత్కారం ఎంత? మనిషి వాలకమే జోకు. మన దగ్గర కమెడియన్‌కు చీర కట్టి తెర మీదికి పంపితే హాలు గొల్లుమంటుందే, అదీ ఇదీ ఒక బాపతే.

శిక్షకురాలు: ఆ చీర కట్టిన కమెడియన్‌కు కథలో పనేముంటుంది మాస్టారూ? వస్తాడు, తన్నులు తింటాడు, పోతాడు. ఇక్కడ జుంగ్‌కూ మోన్‌కూ ఓ పని ఉంది, ఓ లక్ష్యం ఉంది, దాన్ని అందుకునే సత్తా ఉంది. కథ వాళ్లది. వాళ్లను చూసి తెర మీద నవ్విన జట్టల్లా కాసేపటికి ఓడిపోతుంది. నవ్వినవాడు ఓడిపోవడం పదేపదే చూశాక హాల్లో కూర్చుని నవ్వినవాడికి కాస్తయినా గుచ్చుకోదంటారా?

మాస్టారు: గుచ్చుకోదు. వాడు గెలిచిన జట్టు పక్షాన చేరి మళ్లీ నవ్వుతాడు. గెలిచినా ఓడినా వాళ్లు నవ్వించాలి, అదీ షరతు. మోన్‌ను చూడు. ఆ జట్టులో బాధ పైకి కనిపించేది అతనొక్కడిలోనే. చిన్నమాటకు ముడుచుకుపోతాడు, తిరగబడతాడు. ఆ ముల్లు ఎక్కడ దిగిందో సినిమా రెండు నిమిషాలు ఆగి చూపించదు. వెంటనే జుంగ్ వచ్చి ఓ వేషం వేస్తాడు, మళ్లీ నవ్వు.

శిక్షకురాలు: జుంగ్ వేసే వేషాలన్నీ నవ్వించడానికే కాదండీ. అతనికి అది రక్షణ. ఎదుటివాడు వెక్కిరించేలోపు తానే తనను వెక్కిరించుకుంటే ఆ వెక్కిరింతకు పదును పోతుంది. మోన్ మౌనమూ జుంగ్ అల్లరీ ఒకే గాయానికి ఇద్దరు చేసుకున్న రెండు వైద్యాలు. అది దర్శకుడికి తెలుసు కనుకే ఇద్దరినీ జంట స్నేహితులుగా పెట్టాడు.

మాస్టారి మాటలో బలం ఉంది. సినిమా మొదటి భాగంలో పాత్రల పరిచయాలన్నీ హావభావాల అతి మీదే నడుస్తాయి. కథోయ్ హాస్యగాళ్లను టీవీల్లో రోజూ చూసే థాయ్ ప్రేక్షకుడికి ఆ నవ్వు అలవాటైనదే. కానీ శిక్షకురాలు చెప్పిన తేడా కూడా చిన్నది కాదు. అంతకుముందు థాయ్ సినిమా కథోయ్‌ను నాయికగా పెట్టిన సందర్భాల్లో బాగా గుర్తుండిపోయినది పిసాన్ అక్కరసేని 1985లో తీసిన ‘ఫ్లేంగ్ సుత్ తాయ్’. చివరి పాట అని దాని అర్థం. కాబరే వేదిక మీద తారగా వెలిగిన కథోయ్ ప్రేమలో మోసపోయి ఆత్మహత్య చేసుకోవడంతో ఆ కథ ముగుస్తుంది. చర్చ సహజంగానే అటు మళ్లింది.

శిక్షకురాలు: 1985లో ఏడ్చారు, 2000లో నవ్వారు. ఏడిపించిన సినిమాలో ఆ మనిషి చచ్చిపోయింది. నవ్వించిన సినిమాలో కప్పు ఎత్తింది. పూర్వజన్మ కర్మ వల్ల ఇలా పుట్టారు పాపం అనే జాలి థాయ్ సమాజంలో ఎప్పటినుంచో ఉన్నదే. జాలికి శవం కావాలి మాస్టారూ. నవ్వుకు మనిషి బతికుంటే చాలు.

మాస్టారు: మాట బాగుంది కానీ లెక్క తప్పింది. ఏడుపూ నవ్వూ రెండూ చూసేవాడి సుఖానికే. ఏడ్చినవాడు నేను మంచివాణ్ని అనుకుని ఇంటికి పోతాడు. నవ్వినవాడు నేను విశాల హృదయుణ్ని అనుకుని పోతాడు. తన ఇంట్లో పిల్లాడు రేపు పొద్దున అలా నడిస్తే ఏం చేస్తాడన్నది ఇద్దరినీ ఏ సినిమా అడగలేదు.

శిక్షకురాలు: అడిగింది. విత్ ఎవరనుకున్నారు? కన్నవాళ్లు చూసే కంటికి బుద్ధిమంతుడు, కాబోయే పెళ్లికొడుకు. ఎక్కడ ఎవరు గుర్తుపడతారోనని అతను పడే హడావిడికి హాలు నవ్వుతుంది. కానీ నిజం బయటపడి కన్నవాళ్లే అతన్ని జట్టు నుంచి లాక్కుపోయేటప్పుడు ఎవరూ నవ్వరు. మీరు అడగలేదన్న ప్రశ్న ఆ పాత్రే.

ఈ ఒక్క చోట మాస్టారు జవాబు చెప్పకుండా విషయం మార్చారు. నిజానికి సినిమాలో హాస్యం నిలిచిపోయే చోట్లలో విత్ ఉదంతం ముఖ్యమైనది. గే అయినా కాకపోయినా, ఇంటి పరువు మోస్తూ పెరిగిన ఏ ఆసియా యువకుడికైనా అది కొత్త కథ కాదు. దానికి ఇంకొంచెం చోటు ఇచ్చి ఉంటే సినిమా బరువు పెరిగేది. కానీ వెంటనే మళ్లీ మ్యాచ్ మొదలవుతుంది.

తరువాతి ఆక్షేపణ ఛాయ్ గురించి. ఆ పాత్ర వేసిన జెస్దాపోర్న్ ఫోల్దీ 1997 నాటి ‘డాంగ్ బైర్లీస్ అండ్ యంగ్ గ్యాంగ్‌స్టర్స్’తో అప్పటికే పెద్ద తార. జట్టులో గే కాని ఒకే ఒక్కడికి అంత గుర్తింపున్న నటుణ్ని పెట్టడం యాదృచ్ఛికం కాదని విమర్శకుల మాట.

మాస్టారు: కెమెరా ఎవరి పక్కన నిలబడిందో చూడు. వాళ్లను చూసి మొదట చిరాకుపడేది ఛాయ్, తరువాత సహించేది ఛాయ్, చివరికి మెచ్చుకునేది ఛాయ్. అంటే మారిందెవరు? ఒక మామూలు మగవాడు. గేల కథ అని చెప్పి మామూలు మగవాడు ఎంత మంచివాడయ్యాడో చూపించారు.

శిక్షకురాలు: పది కోట్ల బాట్‌ల టిక్కెట్లు కొన్నవాళ్లలో ఎక్కువమంది ఛాయ్‌లే కదండీ! వాళ్లు లోపలికి రావడానికి ఒక గుమ్మం కావాలి. పైగా ఛాయ్‌ది ఊరికే వచ్చిన మంచితనం కాదు. తోటి మగవాళ్లు వెళ్లిపోయినప్పుడు అతను ఉండిపోయాడు, వాలీబాల్ మీద ప్రేమ కొద్దీ. ఆట ఆడాలంటే పక్కవాడు అందించిన బంతిని నమ్మాలి. వాలీబాల్‌లో ఒకే మనిషి వరసగా రెండుసార్లు బంతిని ముట్టుకోకూడదు. ఎంత మొనగాడైనా లిఫ్ట్ వేసేవాడు లేనిదే స్మాష్ కొట్టలేడు. ఛాయ్‌ను మార్చింది ఉపన్యాసం కాదు, ఆ నియమం.

మాస్టారు: మరి కోచ్ బీ సంగతి? జుట్టు, నడక, మాట అంతా మగరాయుడి తీరు. ఆమె ఎవరిని ప్రేమించింది, ఏం భరించి ఆ కుర్చీ దాకా వచ్చింది అని ఒక్క ముక్కయినా ఉందా? మగపుట్టుక పుట్టి ఆడలా ఉంటే నవ్వొస్తుంది కనుక తెర నిండా వాళ్లే. ఆడపుట్టుక పుట్టి మగలా ఉంటే నవ్వు రాదు కనుక ఆమెకు కథ లేదు.

శిక్షకురాలు: అది ఒప్పుకుంటాను. మేం మైదానంలో రోజూ చూసే మనిషి ఆవిడ. ఆమె కథ వేరే సినిమాకు సరిపోతుంది.

ఇంతవరకూ చర్చ నవ్వు చుట్టూ తిరిగింది. సినిమాను ఇరవయ్యేళ్ల తరువాత చూసిన ప్రేక్షకుల్లో మరో వాదన కూడా వినిపిస్తుంది: ట్రాన్స్‌జెండర్ క్రీడాకారులు గెలిస్తే అది న్యాయమైన గెలుపేనా అన్నది. మహిళల పోటీల్లో ట్రాన్స్‌జెండర్ మహిళలు పాల్గొనడంపై ఈత, పరుగుపందేల వంటి క్రీడల్లో రేగిన వివాదాల నీడ ఈ పాత సినిమా మీద కూడా పడింది. ఇది పొరపాటు పోలిక. లాంపాంగ్ జట్టు ఆడింది పురుషుల పోటీల్లో. పురుషుల నెట్ ఎత్తు 2.43 మీటర్లు, మహిళలది 2.24 మీటర్లు. వాళ్లు ఆడింది 2.43 మీటర్ల నెట్ మీద, మగవాళ్ల సర్వీసుల ముందు, మగవాళ్ల బ్లాకుల ముందు. అదనపు లాభమంటూ ఏదైనా ఉందంటే అది ఎదుటి జట్టుకే.

శిక్షకురాలు: పియా సంగతి ఇంకా విచిత్రం. ఆమె ఆడమనిషిగా బతుకుతోంది, వేదిక మీద ఆడమనిషిగా పేరు తెచ్చుకుంది. కానీ థాయ్ చట్టం ప్రకారం కాగితాల్లో పుట్టిననాటి పురుష హోదా మారదు. కనుక ఆమె మగవాళ్ల జట్టులో ఆడడం నిబంధనల ప్రకారమే. మగజట్టులో ఆడదేమిటని అభ్యంతరం చెప్పేవాడూ, ఆమెను ఆడమనిషిగా నమోదు చేయని ప్రభుత్వమూ రెండూ ఒకటే! నువ్వు ఆడదానివి కావు అనీ వాళ్లే, నువ్వు మగాడిలా లేవు అనీ వాళ్లే.

మాస్టారు: అంత మంచి చిక్కును పట్టుకుని సినిమా ఏం చేసింది? ఒక అధికారిని ప్రతినాయకుణ్ని చేసి, అతను అడ్డుపడ్డాడు, ఓడిపోయాడు అని తేల్చేసింది. లోకంలో ఉన్న అన్యాయమంతా ఒక్క చెడ్డ అధికారిలో పోసేస్తే చూసేవాడికి ఎంత హాయి!

శిక్షకురాలు: ఆ అధికారి చేతిలో నిబంధన లేదు, మాస్టారూ. అదే అక్కడ అసలు సంగతి. వాలీబాల్ రూల్స్ పుస్తకం బంతి గురించి, గీత గురించి, నెట్ గురించి మాట్లాడుతుంది. ఆటగాడు ఎవరిని ప్రేమిస్తాడు, ఎలా కేకపెడతాడు అని అడగదు. వాళ్లకు అండగా నిలబడింది ఒక మంచిమనిషి కాదు, ఆ పుస్తకం.

ఈ ఆటే ఎందుకన్నదీ ఇక్కడే చెప్పుకోవాలి. థాయ్‌లాండ్‌లో వాలీబాల్ బాగా జనాదరణ ఉన్న ఆట. పాఠశాల మైదానాల్లో కథోయ్ పిల్లలు అలవాటుగా చేరేదీ అక్కడికే. రెండు జట్ల మధ్య నెట్ అడ్డంగా ఉంటుంది కనుక ఒంటికి ఒళ్లు తగలదు. ఎదుటివాణ్ని తన్నవలసిన అవసరం రాదు, తన్నులు తినవలసిన భయమూ ఉండదు. ఒళ్లు ఒంటికి తగిలే ఆటలోకి ఒక కథోయ్ వస్తే ఏమవుతుందో లాంపాంగ్ జట్టు గెలిచిన దశాబ్దంలోనే కనిపించింది. నోంగ్ తూమ్ పేరుతో ప్రసిద్ధి చెందిన పరిణ్య చరోన్‌ఫోల్ 1998లో బ్యాంకాక్‌లోని లుంపినీ స్టేడియంలో మువాయ్ థాయ్ పోటీకి దిగినప్పుడు, బరువు తూచే చోట అందరి ముందూ బట్టలు పూర్తిగా విప్పడానికి నిరాకరించి కన్నీరు పెట్టుకున్న సంగతి దేశమంతా మార్మోగింది. మొహానికి రంగు వేసుకుని వచ్చి మగ బాక్సర్లను పడగొట్టిన ఆమె 1999లో శస్త్రచికిత్స చేయించుకుంది. ఆ జీవితాన్ని ఎకచై ఉయెక్రోంగ్‌తమ్ 2003లో ‘బ్యూటిఫుల్ బాక్సర్’గా తీశాడు. అది హాస్యచిత్రం కాదు. మాస్టారి లాంటి ప్రేక్షకులు ‘సత్రీ లెక్’ మీద ఎత్తిచూపే మొదటి ఉదాహరణ అదే: నవ్వించకుండానూ ఈ కథ చెప్పవచ్చునని.

నిజజీవితానికీ సినిమాకూ ఉన్న దూరం మీద కూడా చర్చ సాగింది.

మాస్టారు: 1996లో లాంపాంగ్ జట్టు గెలిచింది, సరే. అదే ఏడాది చివర్లో ఉపాధ్యాయ శిక్షణ ఇచ్చే రాజభట్ విద్యాసంస్థలు కథోయ్‌లనూ గేలనూ చేర్చుకోబోమని ప్రకటించాయి. పిల్లలు చెడిపోతారట! నిరసనలు వచ్చాక మరుసటి ఏడాది వెనక్కి తగ్గారు. కప్పు ఇచ్చిన దేశం పలక పట్టుకోనివ్వలేదు. ఇది సినిమాలో ఎక్కడైనా ఉందా?

శిక్షకురాలు: లేదు.

మాస్టారు: నోంగ్‌ను సైనికుడిగా పెట్టి నవ్వించారు. థాయ్ మగవాళ్లు 21 ఏళ్లకు నిర్బంధ సైనిక సేవకు హాజరుకావాలి. ఏటా ఏప్రిల్‌లో చీటీలు తీస్తారు. ఎర్ర చీటీ వస్తే సైన్యం, నల్ల చీటీ వస్తే ఇల్లు. ట్రాన్స్‌జెండర్ మహిళలు కూడా ఆ వరసలో నిలబడాలి, ఎందుకంటే కాగితాల్లో మగవాళ్లే. వాళ్లను వదిలేస్తూ సైన్యం ఇచ్చే పత్రం మీద శాశ్వత మానసిక వ్యాధి అని రాసేవాళ్లు. ఉద్యోగానికి పోయిన ప్రతిచోటా ఆ కాగితం చూపించాల్సి వచ్చేది. ఆ రాత తప్పని పాలనా న్యాయస్థానం చెప్పింది 2011లో. సినిమా వచ్చేటప్పటికి ఆ ముద్ర పడుతూనే ఉంది. బారకాసుల్లో గే సిపాయి అనగానే నవ్వు గుర్తొచ్చిన దర్శకుడికి ఈ కాగితం గుర్తురాలేదు.

శిక్షకురాలు: మీరు చెప్పేవన్నీ నిజాలే. కానీ ఆ నిజాలతో తీసిన సినిమాకు లాంపాంగ్, ఖోన్ కేన్ లాంటి ఊళ్లలో కుటుంబాలు పిల్లల్ని వెంటేసుకుని వచ్చేవా? ఈ సినిమా చివర అసలు జట్టు మనుషులనే తెర మీద చూపించారు. అప్పటిదాకా నవ్వినవాళ్లకు, మీరు నవ్వింది వేషానికి కాదు, వీళ్లంతా ఉన్నవాళ్లు, గెలిచినవాళ్లు అని చెప్పి పంపించారు. అది చిన్న పని కాదు.

మాస్టారు: సహించడం వేరు, ఒప్పుకోవడం వేరమ్మా. థాయ్ సమాజంపై ఎన్నో ఏళ్లు పరిశోధించిన పీటర్ జాక్సన్ 1999లోనే ఇది రాశాడు: థాయ్‌లాండ్ గేల స్వర్గం అన్నది అపోహ, అక్కడ ఉన్నది సహనమే, అంగీకారం కాదు అని. 1956 నాటి శిక్షాస్మృతి తరువాత అక్కడ స్వలింగ సంబంధం నేరం కాదు. దాంతో బయటి నుంచి వచ్చినవాడికి స్వర్గంలా కనిపిస్తుంది. బెర్లిన్‌లో చప్పట్లు కొట్టినవాళ్లు ఆ అపోహకే కొట్టారు.

బయటి దేశాల ప్రేక్షకుల గురించి మాస్టారు చెప్పింది కొంతవరకే నిజం. పాశ్చాత్య దేశాల చాలామంది ప్రేక్షకులు దీన్ని 1994 నాటి ఆస్ట్రేలియా చిత్రం ‘ప్రిసిల్లా’తో, 1997 నాటి బ్రిటిష్ చిత్రం ‘ది ఫుల్ మాంటీ’తో పోల్చుకుని చూశారు, ఓడిపోతారనుకున్నవాళ్లు గెలిచే హాస్యకథల వరసలో కలిపేశారు. థాయ్ సమాజం లోపలి లెక్కలు వాళ్లకు పట్టలేదు. అంతమాత్రాన చప్పట్లన్నీ అజ్ఞానమేనని అనడం అతి. తమ దేశాల్లో గే క్రీడాకారులు బయటపడడానికే జంకుతున్న కాలంలో, జట్టుకు జట్టే దాపరికం లేకుండా ఆడి గెలిచిందన్న నిజం వాళ్లను కదిలించడంలో తప్పు లేదు.

అన్నిటికన్నా గట్టి వాదన సినిమా తరువాత జరిగినదాని మీద. వసూళ్లు చూసిన నిర్మాతలు అదే దారి పట్టారు. 2002లో ‘సేవింగ్ ప్రైవేట్ టూట్సీ’ వచ్చింది. 2003లో యోంగ్యుత్ స్వయంగా రెండో భాగం తీశాడు. అదే ఏడాది పోజ్ ఆర్నోన్ వాలీబాల్ స్థానంలో చీర్‌లీడింగ్ పెట్టి ‘చీర్‌లీడర్ క్వీన్స్’ తీశాడు. 2007లో అతనే మొదలుపెట్టిన ‘హోర్ తేవ్ తేక్’ దెయ్యాల హాస్యచిత్రాలు భాగాల మీద భాగాలుగా సాగాయి. 2014లో ‘సత్రీ లెక్’ కథనే మళ్లీ తీసిందీ అతనే.

మాస్టారు: ఇదీ నా అసలు ఫిర్యాదు. ఒక్క సినిమా నవ్వించి గెలిస్తే ఆ తరువాత పదిహేనేళ్లు నవ్వించక తప్పని స్థితి వచ్చింది. నవ్వించనివాళ్లకు ఏమైందో చూడు. తాన్వారిన్ సుక్ఖపిసిత్ స్వయంగా ట్రాన్స్‌జెండర్. 2010లో ‘ఇన్‌సెక్ట్స్ ఇన్ ది బ్యాక్‌యార్డ్’ తీస్తే నిషేధించారు. ట్రాన్స్‌జెండర్ తండ్రి, అతని పిల్లలు, వాళ్ల ఒంటరితనం. నవ్వు లేదు. కోర్టుకు వెళ్లి, 2015లో తీర్పు వచ్చి, కొన్ని సెకన్ల ముక్క తీసేశాక 2017లో గానీ హాలుకు రాలేదు. మంది నవ్వితే సెన్సారుకు అభ్యంతరం లేదు. ముల్లు దిగితేనే అభ్యంతరం.

శిక్షకురాలు: నవ్వు లేని సినిమాలు అన్నీ ఆగిపోలేదండీ. 2007లో ‘లవ్ ఆఫ్ సియామ్’ వచ్చింది. ఇద్దరు కుర్రాళ్ల ప్రేమ, ఒక ఇంటి దుఃఖం. జనం బాగా చూశారు. ఆ తరువాత ఇద్దరబ్బాయిల ప్రేమ సీరియళ్లు థాయ్ నుంచి దేశదేశాలకు వెళ్లాయి. మన పిల్లలు కూడా ఫోన్లలో చూస్తున్నారు.

మాస్టారు: వాటిల్లో కథోయ్ ఎక్కడుంది? అందమైన కుర్రాళ్లకు ప్రేమకథ దొరికింది. వాళ్ల పక్కన కథోయ్ స్నేహితురాలు ఉంటుంది, జోకులు వేయడానికి! 2000లో పియా, జుంగ్ కనీసం కథానాయకులు. ఇప్పుడు వాళ్లు మళ్లీ పక్కపాత్రలు.

శిక్షకురాలు: అయితే మీరు చెప్పేదీ నేను చెప్పేదీ కలుస్తోంది మాస్టారూ. ‘సత్రీ లెక్’ వాళ్లను మధ్యలో నిలబెట్టింది. పక్కకు నెట్టింది తరువాత వచ్చినవాళ్లు.

మాస్టారు: దారి చూపినవాడికి ఆ దారిన పోయినవాళ్ల తప్పులో వాటా లేదంటావా?

శిక్షకురాలు: ఉంది. కానీ ఆ దారే లేకపోతే మీ తాన్వారిన్ సినిమా తీసే కాలం వచ్చేదా అని కూడా అడగాలి కదండీ.

వాదం ఇక్కడికి వచ్చేసరికి ఇద్దరూ వేర్వేరు ప్రశ్నలకు జవాబు చెబుతున్నారని తెలుస్తుంది. సినిమాను సినిమాగా చూస్తే శిక్షకురాలిదే పైచేయి. హాస్యంలో మోటుతనం ఉన్నా కథ బరువంతా ఆటగాళ్ల నైపుణ్యం మీద, వాళ్ల పట్టుదల మీద ఉంది. మనిషి తీరును చూసి నవ్వడంతో మొదలైన ప్రేక్షకుడు చివరి సెట్ నాటికి పాయింట్ల కోసం ఊపిరి బిగబట్టి కూర్చుంటాడు. ఆ మార్పును ఏ కరపత్రమూ తేలేదు. సినిమా చుట్టూ ఉన్న వ్యాపారాన్ని చూస్తే మాట నెగ్గేది మాస్టారిదే. నవ్వు ప్రవేశరుసుముగా మొదలై నిత్యపు పన్నుగా మారింది. ఒక జనవర్గాన్ని తెర మీదికి రానివ్వడానికి వాళ్లు ఎప్పుడూ సరదాగానే ఉండాలన్న నిబంధన పెట్టడం, పొమ్మనలేక పొగబెట్టడం లాంటిదే. ‘సత్రీ లెక్’ ఆ నిబంధనను రాయలేదు. కానీ దాని విజయమే ఆ నిబంధనకు సాక్ష్యంగా పనికొచ్చింది.

చట్టాల వైపు మార్పు నెమ్మదిగా వచ్చింది. స్వలింగ ఆకర్షణ మానసిక వ్యాధి కాదని థాయ్ మానసిక ఆరోగ్య విభాగం 2002లో చెప్పింది. లైంగిక అస్తిత్వం ఆధారంగా వివక్ష చూపకూడదన్న లింగ సమానత్వ చట్టం 2015లో వచ్చింది. 2019 ఎన్నికల్లో తాన్వారిన్ సుక్ఖపిసిత్ పార్లమెంటు సభ్యత్వం గెలిచి, ఆ సభలో అడుగుపెట్టిన తొలి ట్రాన్స్‌జెండర్ సభ్యుల్లో ఒకరయ్యారు. స్వలింగ వివాహాల చట్టం 2025 జనవరి 23న అమల్లోకి వచ్చింది. ఆగ్నేయాసియాలో ఇలాంటి చట్టం చేసిన మొదటి దేశం థాయ్‌లాండే. సినిమాలో విత్ లాంటి యువకుడు ఇప్పుడు తనకు నచ్చిన మగవాణ్ని చట్టబద్ధంగా పెళ్లాడవచ్చు. కాగితాల్లో లింగహోదా మార్చుకునే చట్టం మాత్రం ఆ నాటికీ రాలేదు. పియా లాంటి మహిళ గుర్తింపు కార్డు మీద పేరుకు ముందు ఉండేది పురుషులకు వాడే ‘నాయ్’ అన్న మాటే.